వీడియో కాల్‌కు కిడ్నీ లొంగుతుందా?

ఢిల్లీలో ఎయిమ్స్‌కూ సఫ్దర్‌జంగ్ ఆస్పత్రికీ మధ్య ఫుట్‌పాత్ మీద రాత్రిళ్లు తలదాచుకునేవారిలో కిడ్నీ రోగుల్ని ఇట్టే గుర్తుపట్టొచ్చు. పాదాలు వాచి చెప్పుల్లో ఇమడవు. ముఖం పాలిపోయి ఉంటుంది. తల కింద ప్లాస్టిక్ సంచీ. అందులో నాలుగు ఊళ్ల ల్యాబుల కాగితాలు, ఒకదానికొకటి పొంతన లేని మందుల చీటీలు, పల్లెలో డిగ్రీ లేని ‘బెంగాలీ డాక్టర్’ ఇచ్చిన నొప్పి బిళ్లల రేకులు. బిహార్ నుంచో పూర్వాంచల్ నుంచో వచ్చారంటే దూరాభారం అనుకుంటాం. నూహ్, పల్వల్, అల్వర్ పల్లెల నుంచి వచ్చినవాళ్లూ అక్కడే కనిపిస్తారు. ఆ మూడు జిల్లాలూ జాతీయ రాజధాని ప్రాంతంలోనివే!

ఇలాంటి వాళ్ల కోసమే టెలిమెడిసిన్ అన్నారు. 2019 నవంబరులో ఈ-సంజీవని మొదలైంది. ఉపకేంద్రంలో కూర్చున్న రోగిని తెర మీద పట్నం డాక్టరుకు చూపించే ఆ ఏర్పాటును దేశంలో అందరికంటే ముందు అమలుచేసింది ఆంధ్రప్రదేశ్. 2020 మార్చి 25న, లాక్‌డౌన్ మొదలైన రోజునే, ఫోనులో వైద్యం చేయడానికి కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. 2023 ఫిబ్రవరికల్లా ఈ-సంజీవని సంప్రదింపులు పది కోట్లు దాటాయని ప్రకటించారు. చిన్న విజయమేమీ కాదు. అయితే జలుబూ దగ్గూ ఒక్క కాల్‌తో తీరతాయి. కిడ్నీ జబ్బు అలా కాదు. అది ఏళ్ల తరబడి సాగే వ్యవహారం. పది కోట్ల కాల్స్‌లో ఒకే రోగి ఒకే డాక్టరుతో ఏడాది పొడవునా మాట్లాడినవి ఎన్ని? మనం అడగాల్సిన లెక్క ఇది.

నిజానికి దూరం నుంచి చూడటానికి కిడ్నీ జబ్బంత అనువైనది మరొకటి లేదు. నెఫ్రాలజిస్టు నిర్ణయాల్లో చాలావరకు చేత్తో తాకి చూసేవి కావు, అంకెలు చూసి తీసుకునేవి. బీపీ ఎంత, రక్తంలో క్రియాటినిన్ ఎంత, పొటాషియం ఎంత, మూత్రంలో ఆల్బుమిన్ ఎంత పోతోంది, హిమోగ్లోబిన్ ఎంత ఉంది. పాదం మీద వేలితో నొక్కితే సొట్ట పడుతోందా లేదా అన్నది ఏఎన్ఎం చూసి చెప్పగలదు. దేశంలో పది లక్షల మందికి ఇద్దరు ముగ్గురికి మించి నెఫ్రాలజిస్టులు లేరు. ఉన్నవాళ్లలోనూ ఎక్కువమంది మహానగరాల్లోనే. వాళ్లు పల్లెకు వెళ్లలేరు. అంకెల్ని వాళ్ల దగ్గరకు పంపడం కష్టమేమీ కాదు.

చిక్కల్లా ఆ అంకెలు పుట్టే చోట ఉంది. ఒక ఉదాహరణ తీసుకోండి. మూత్రంలో ప్రొటీన్ పోతున్న రోగికి టెల్మిసార్టాన్ మొదలుపెట్టాలని తెర మీద డాక్టరు అనుకున్నారు. అది బీపీ మందే కాదు, కిడ్నీని కాపాడే మందు కూడా. కానీ మొదలుపెట్టిన రెండు వారాల్లో క్రియాటినిన్, పొటాషియం మళ్లీ చూడాలి. పొటాషియం మితిమీరితే గుండె ఆగిపోవచ్చు. రక్తం తీసి ల్యాబుకు పంపే ఏర్పాటు ఆ ఊళ్లో లేకపోతే? డాక్టరు మందు రాయడానికి జంకుతారు, లేదా రాసి దేవుడి మీద భారం వేస్తారు. రెండు వారాల తర్వాత కాల్ చేస్తే అవతల వేరే డాక్టరుంటారు. ఆయనకు ఈ కథ మొదటినుంచీ చెప్పాలి. ఆ రోగి చివరకు సంచీ పట్టుకుని రైలెక్కేది ఇందుకే.

సాంకేతికత ఒక్కటే ఎందుకు చాలదో ఈ ప్రాంతంలోనూ పరీక్షించి చూశారు. హర్యానా, కర్ణాటకల్లోని 40 సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో ఎంవెల్‌కేర్ పేరిట ఒక అధ్యయనం జరిగింది. బీపీ, షుగరు రోగుల వివరాలు నర్సు ట్యాబ్‌లో ఎక్కిస్తే ఏ మందు ఇవ్వాలో అది సూచిస్తుంది. 2019లో ఫలితాలు వచ్చాయి. ట్యాబ్ ఉన్న కేంద్రాలకూ, లేనిచోట్ల శిక్షణ, చార్టులతో నడిచినవాటికీ తేడా కనిపించలేదు. మన పశ్చిమగోదావరిలో ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్‌లిచ్చి జార్జ్ ఇన్‌స్టిట్యూట్ చేసిన స్మార్ట్‌హెల్త్ అధ్యయనం కూడా అదే ఏడాది అచ్చయింది. ఆశాలు పని బాగానే చేశారు, ముప్పున్నవాళ్లను గుర్తించారు. బీపీ అదుపులోకి వచ్చినవారి శాతం మాత్రం చెప్పుకోదగ్గంతగా పెరగలేదు. తప్పు ట్యాబ్‌ది కాదని నా అభిప్రాయం. జబ్బును కనిపెట్టాక దాన్ని పట్టుకుని వెంటపడే యంత్రాంగం లేకపోతే ఏ యాప్ అయినా అంతే.

ఆ యంత్రాంగం ఉన్నచోట ఫలితం వేరు. అమెరికాలోని న్యూమెక్సికోలో సంజీవ్ అరోరా అనే మన దేశపు డాక్టరు 2003లో ‘ఎకో’ అనే పద్ధతి మొదలుపెట్టారు. ఆయన తెర మీద చూసింది రోగిని కాదు, పల్లె డాక్టర్లను. వారం వారం వాళ్లను కూర్చోబెట్టి ఒక్కో హెపటైటిస్-సి కేసు గురించి చర్చించేవారు. 2011లో అచ్చయిన ఫలితాల్లో పెద్దాస్పత్రిలో 57.5 శాతం మందికి నయమైతే, పల్లె డాక్టర్ల చేతిలో 58.2 శాతం మందికి నయమైంది. స్పెషలిస్టు ఒక కాల్‌లో ఒక రోగిని చూస్తే ఒక్కరికే మేలు. ఒక పీహెచ్‌సీ డాక్టరును తయారుచేస్తే ఆ మండలమంతటికీ మేలు.

ఇక్కడ గురుగ్రామ్, నోయిడాల్లో ఉద్యోగాలు చేసుకునే తెలుగు కుటుంబాల్లో టెలిమెడిసిన్ ఎప్పటినుంచో నడుస్తోంది, ఆ పేరు పెట్టలేదంతే. సోంపేటలోనో కవిటిలోనో ఉన్న నాన్న రిపోర్టు వాట్సాప్‌లో వస్తుంది. కొడుకు దాన్ని తెలిసిన డాక్టరుకు పంపుతాడు. “క్రియాటినిన్ పోయిన్నెల 1.8, ఇప్పుడు 2.1” అని పోల్చి చూస్తాడు. “నాన్నా, మోకాళ్ల నొప్పికి ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకోకు” అని ఫోనులో పోరుతాడు. రెండు వారాలకు మళ్లీ రక్తం ఇచ్చేదాకా వదలడు. ఆ నాన్న కిడ్నీ నాలుగు కాలాలపాటు నిలిచిందంటే కారణం ఫోను ఒక్కటే కాదు. పాత అంకెలు గుర్తుపెట్టుకుని వెంటపడే మనిషి ఉండటం. అలాంటి కొడుకు లేనివాడికి ఆ మనిషిని సర్కారు ఇవ్వాలి.

అలా వెంటపడే మనిషి ఎంత ముందుగా కావాలో శ్రీకాకుళం జిల్లా ఉద్దానం చెప్పకనే చెబుతోంది. అక్కడ షుగరూ బీపీ లేని రైతులకూ, కూలీలకూ కిడ్నీలు పోతున్నాయి. దశాబ్దాలుగా పరిశోధిస్తున్నా కారణం తేలలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభించారు. అంతకుముందు పెద్ద వైద్యమంటే దాదాపు 200 కిలోమీటర్ల దూరంలోని విశాఖే దిక్కు. ఆస్పత్రి దగ్గరకు రావడం ఎంతో మేలు. అయితే డయాలసిస్ మంచం వరకూ రాకుండా ఆపాల్సింది అంతకు పదేళ్ల ముందు. వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు పట్టే డయాలసిస్‌ను ఏ తెరా చేయలేదు.

అందుకే అడగాల్సినవి మూడే. ఒకటి, ప్రతి ఉపకేంద్రంలో బీపీ, షుగరు రోగులకు ఏడాదికోసారి క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష, మందు మార్చినప్పుడు రెండు వారాల్లో మరోసారి. రెండు, ఈ-సంజీవనిలో కిడ్నీ రోగికి ఒకే డాక్టరు, పాత అంకెలన్నీ ఒకే చోట. మూడు, ఎయిమ్స్ లాంటి సంస్థల నెఫ్రాలజీ విభాగం వారానికో గంట పీహెచ్‌సీ డాక్టర్లతో కేసుల చర్చ పెట్టాలి. ఎయిమ్స్‌కు ఇది కొత్త దారి కాదు. ఫరీదాబాద్ జిల్లా బల్లభ్‌గఢ్‌లో రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి 1965 నుంచి పల్లె వైద్యం నడుపుతూనే ఉంది. 28 ఊళ్లను ఇన్నేళ్లుగా చూస్తున్న అనుభవం పక్కనే ఉంది. మొదలుపెట్టడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు.

మందులూ అందుబాటులోకి వస్తున్నాయి. కిడ్నీ జబ్బు ముదరడాన్ని నెమ్మదింపజేస్తుందని రుజువైన ఎంపాగ్లిఫ్లోజిన్ పేటెంటు 2025 మార్చిలో ముగిసింది. ఇప్పుడు ఆ బిళ్ల పది రూపాయల లోపు కూడా దొరుకుతోంది. అది ఎవరికి అవసరమో తేల్చే పరీక్ష ఊళ్లో లేకపోతే ధర తగ్గి ఏం లాభం?

సర్కారు సంగతి అలా ఉంచి, ఈ వారం మీరొక పని చేయండి. ఊళ్లో ఉన్న అమ్మకో నాన్నకో షుగరు గానీ బీపీ గానీ ఉంటే, క్రియాటినిన్ ఎప్పుడు చూపించుకున్నారో అడగండి. ఏడాది దాటితే పరీక్ష చేయించండి. కిడ్నీని దెబ్బతీసే నొప్పి బిళ్లలు ఎన్ని మింగుతున్నారో కూడా అడగండి.