యాభై రెండో పేరు

వయసుకు మించి ఎదిగిన పిల్లవాణ్ణి ఇంట్లో మురిపెంగా చూస్తారు, వీధిలో వింతగా చూస్తారు. బళ్లో వాడి చోటు చివరి బెంచీ. ప్రార్థన వరసలో చిట్టచివర నిలబడాలి. ఉగాదికి కుట్టించిన లాగు దసరాకు మడమల పైకి ఎక్కుతుంది. 'తాటిచెట్టంత ఎదిగావు, ఏం లాభం' అన్న మాట మీసం మొలవకముందే ఎన్నిసార్లు వింటాడో లెక్క ఉండదు. ఆ మాట అన్నవాళ్లకు చెడు ఉద్దేశం ఉండదు. కానీ విన్నవాడు మెల్లగా భుజాలు వంచి నడవడం నేర్చుకుంటాడు. బస్సులోనే కాదు, ఆరుబయట కూడా తల దించుకునే తిరుగుతాడు.

పంజాబ్‌లోని బర్నాలా జిల్లాలో బల్లోకే అనే చిన్న పల్లె ఉంది. చుట్టూ గోధుమ చేలు. ఆ ఊళ్లో బల్బీర్ సింగ్ భమారా అనే రైతు ఎత్తు ఏడు అడుగుల రెండు అంగుళాలు. సేద్యంతోపాటు పిండిమర కూడా ఉన్న కుటుంబం వాళ్లది. బల్బీర్‌కు పడుచు వయసులో బాస్కెట్‌బాల్ ఆడాలని ఉండేది. నీ ఒడ్డుపొడుగుకు ఇదే తగిన ఆట అని చెప్పినవాళ్లూ ఉన్నారు. ఇంట్లో పెద్దలు ఒప్పుకోలేదు. పొలం ఉంది, మర ఉంది, ఆటలెందుకన్నారు. వాళ్లను తప్పుపట్టడానికి మనసు రాదు. ఆ రోజుల్లో ఆ ఊళ్లో బంతి పట్టుకుని బతికినవాడు ఒక్కడైనా వాళ్ల కళ్ల ముందు లేడు.

బల్బీర్‌కు 1995 డిసెంబరు 10న కొడుకు పుట్టాడు. సత్నామ్ అని పేరు పెట్టారు. పిల్లవాడు తండ్రిలాగే ఏపుగా ఎదిగాడు. పదేళ్లకే ఊళ్లో పెద్దవాళ్లను దాటిపోయాడు. తనకు ఒకప్పుడు అందకుండా పోయినదాన్ని తండ్రి కొడుకులో మళ్లీ చూశాడు. ఈసారి ఇంటి పెద్ద తనే కాబట్టి ఎవరి అనుమతీ అక్కర్లేకపోయింది. అబ్బాయిని లూధియానా బాస్కెట్‌బాల్ అకాడమీకి తీసుకెళ్లి అప్పగించాడు.

పిల్లల మీద తల్లిదండ్రులు తమ తీరని కోరికలు రుద్దడం మనకు బాగా తెలిసిన బాధే. ఈ పేజీల్లోనే దాని గురించి ఎన్నోసార్లు రాశాం. కానీ ప్రతి తండ్రి ఆశనూ ఆ గాటనే కట్టలేం. బల్బీర్ చేసింది వేరు. తన ముందు మూసిన తలుపును కొడుకు ముందు తెరిచాడు. లోపల ఆ పిల్లవాడికి ఆట నచ్చింది.

లూధియానాలో డాక్టర్ ఎస్. సుబ్రమణియన్ అనే కోచ్ ఉండేవారు. పంజాబ్ పల్లెల నుంచి పొడవాటి పిల్లల్ని ఏరి తెచ్చి వాళ్లకు కాళ్లు కదపడం నేర్పిన మనిషి. కాళ్లు కదపడం అంటే ఏముంది అనుకుంటాం గానీ, ఈ ఆటలో పొడుగువాడికి అన్నిటికన్నా కష్టమైన చదువు అదే. బుట్ట పది అడుగుల ఎత్తులో ఉంటుంది. ఏడడుగులు దాటినవాడు చెయ్యి చాపితే దాదాపు అందుకుంటాడు. కానీ ఆ బుట్ట కిందికి చేరడానికి వాడు ఒక పాదాన్ని మేకులా నిలిపి, రెండో పాదంతో తిరుగుతూ, వీపుతో ఎదుటివాడి బరువును కాస్తూ, బంతిని భుజం ఎత్తు నుంచి దించకుండా మళ్లాలి. చిన్న ఒళ్లు చటుక్కున తిరుగుతుంది. పెద్ద ఒంటికి ప్రతి మలుపూ శ్రమే. ఎముకలు సాగే వయసులో మోకాళ్లు నొప్పి పెడతాయి. పైగా సత్నామ్ పాదానికి సరిపడే బూట్లు మామూలు బజారులో దొరికేవి కావు. గురువు ముందు కాళ్లను తీర్చాడు, తర్వాతే చేతుల సంగతి చూశాడు. సుబ్రమణియన్ ఇప్పుడు లేరు. శిష్యుడి పేరు న్యూయార్క్‌లో వినిపించే నాటికే ఆయన కన్నుమూశారు.

2010లో అమెరికా సంస్థ ఐఎంజీ, మన రిలయన్స్ కలిసి దేశంలో బాస్కెట్‌బాల్ ఆడే పిల్లలను వడకట్టి, ఎనిమిది మందికి స్కాలర్‌షిప్ ఇచ్చాయి. నలుగురు అబ్బాయిలు, నలుగురు అమ్మాయిలు. వాళ్లను ఫ్లారిడా రాష్ట్రంలోని బ్రేడెంటన్‌లో ఉన్న ఐఎంజీ అకాడమీకి పంపారు. అది ఆటా చదువూ కలిసి నడిచే బడి. సత్నామ్‌కు అప్పటికి పద్నాలుగేళ్లు. ఇంగ్లిష్ దాదాపు రాదు. తరగతిలో పాఠం చెవిన పడుతుంది, అర్థం కాదు. కోర్టులో కోచ్ అరుస్తాడు, ఆ అరుపు మెప్పో మందలింపో ముఖం చూసి పోల్చుకోవాలి. హాస్టల్లో చేరిన మొదటి నెలలో రాత్రిళ్లు దుప్పటి ముసుగులో ఏడ్చిన పిల్లలు మన ఊళ్లలో ఎంతమంది లేరు! జిల్లా దాటి పట్నం వెళ్తేనే అంత దిగులైతే, సముద్రాలు దాటిన ఈ పిల్లవాడి దిగులు ఎంతదో ఊహించుకోవచ్చు. అక్కడ అతను ఐదేళ్లు ఉన్నాడు. భాష నేర్చుకున్నాడు, ఒళ్లు గట్టిపరచుకున్నాడు. మధ్యలో 2011లో, పదహారు నిండకుండానే, భారత సీనియర్ జట్టు తరఫున చైనాలోని వూహాన్‌లో ఆసియా పోటీలు ఆడి వచ్చాడు.

అమెరికాలో ఈ ఆట ఆడే పిల్లలకు హైస్కూలు తర్వాత మామూలు దారి కాలేజీ జట్టు. అక్కడి నుంచి వృత్తి ఆటగాళ్ల లీగ్ ఎన్‌బీఏ. కోబీ బ్రయంట్ 1996లో, లెబ్రాన్ జేమ్స్ 2003లో హైస్కూలు నుంచి నేరుగా లీగ్‌లో అడుగుపెట్టారు. 2005లో కుదిరిన ఒప్పందం ఆ దారికి అడ్డుకట్ట వేసింది. జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్ ఏ ఏట జరిగితే ఆ ఏడాదిలో పంతొమ్మిదేళ్లు నిండాలి, అమెరికా బడిలో చదివితే హైస్కూలు ముగిసి ఏడాదైనా గడవాలి. సత్నామ్‌కు కాలేజీ దారి చదువుల దగ్గర ఆగిపోయింది. పరాయి భాషలో ఆలస్యంగా మొదలుపెట్టిన చదువు అక్కడి కాలేజీ క్రీడల అర్హతలను అందుకోలేకపోయింది. బడిలోనే మరో ఏడాది గడిపి, పంతొమ్మిదేళ్లు నిండాక, నేరుగా డ్రాఫ్ట్‌కు పేరు ఇచ్చాడు.

2015 జూన్ 25. బ్రూక్లిన్‌లోని బార్‌క్లేస్ సెంటర్. డ్రాఫ్ట్‌లో ముప్ఫై జట్లు రెండు విడతలుగా అరవై మందిని ఎంచుకుంటాయి. ఆ ఏడు మొదటి పేరు కార్ల్ ఆంథనీ టౌన్స్‌ది. తర్వాత పేర్లు పడుతూ ఉన్నాయి. ముప్ఫై దాటాయి, నలభై దాటాయి, యాభై కూడా దాటాయి. యాభై రెండో ఎంపిక డాలస్ మావెరిక్స్‌ది. సత్నామ్ సింగ్ అన్నారు. భారతదేశంలో పుట్టిన ఆటగాడి పేరు అక్కడ వినిపించడం అదే మొదటిసారి. 2005 తర్వాత కాలేజీ మెట్టు ఎక్కకుండా అమెరికా హైస్కూలు నుంచి నేరుగా ఎంపికైన మొదటివాడు కూడా అతనే. అంతకు రెండు నెలల ముందు, ఏప్రిల్‌లో, సిమ్ భుల్లర్ శాక్రమెంటో కింగ్స్ తరఫున ఎన్‌బీఏ ఆట ఆడాడు. అతనూ పంజాబీ ఇంటి బిడ్డే అయినా కెనడాలో పుట్టి పెరిగాడు. బల్లోకే నుంచి బయలుదేరినవాడు సత్నామ్.

మన పత్రికలు ఇంతవరకే రాశాయి. ఆ రాత్రి ఫొటో వేసి, టోపీ పెట్టుకుని నవ్వుతున్న కుర్రాణ్ణి చూపించి ముగించాయి. కానీ డ్రాఫ్ట్ అయినంత మాత్రాన జట్టులో చోటు దొరికినట్టు కాదు. మొదటి విడతలో వచ్చినవాడికి జీతం ఖాయం. రెండో విడతలో వచ్చినవాడికి ఆ పూచీ లేదు. సత్నామ్ లాస్ వెగాస్‌లో సమ్మర్ లీగ్ ఆడాడు. తర్వాత డాలస్ వాళ్ల కింది జట్టు టెక్సస్ లెజెండ్స్‌లో రెండు సీజన్లు ఉన్నాడు. ఎక్కువ సాయంత్రాలు బెంచీ మీదే గడిచాయి. ఎన్‌బీఏ అసలు సీజన్‌లో ఒక్క ఆట కూడా అతని లెక్కలోకి రాలేదు.

దానికి అతని లోటు ఎంత కారణమో కాలం చేసిన పనీ అంతే కారణం. డ్రాఫ్ట్‌కు సరిగ్గా తొమ్మిది రోజుల ముందు, జూన్ 16న, గోల్డెన్ స్టేట్ వారియర్స్ ఆ ఏటి టైటిల్ గెలిచింది. ఫైనల్స్‌లో ఒకటికి రెండుగా వెనకబడినప్పుడు ఆ జట్టు తన ఏడడుగుల సెంటర్ ఆండ్రూ బోగట్‌ను మొదటి ఐదుగురి నుంచి తప్పించింది. అతని బదులు ఆరున్నర అడుగుల ఆండ్రే ఇగ్వడాలాను దించింది. తర్వాత వరసగా మూడు ఆటలూ గెలిచింది. ఫైనల్స్‌లో ఉత్తమ ఆటగాడు కూడా ఇగ్వడాలాయే. లీగ్ అంతా అది చూసింది. బుట్ట కింద కొండలా నిలబడేవాడి విలువ అంతకుముందు నుంచే తగ్గుతోంది. ఆ జూన్ తర్వాత ఆ తగ్గుదల అందరికీ స్పష్టమైంది. ఇక పొడుగువాడు కూడా బుట్టకు దాదాపు ఇరవై నాలుగు అడుగుల దూరం దాకా పరుగెత్తి, చురుకైన కుర్రవాణ్ణి కాపలా కాయాలి. అక్కడి నుంచే షాట్ వేయాలి. సత్నామ్ పదేళ్లపాటు నేర్చిన విద్య చేతికి వచ్చేసరికి ఆ విద్యకు గిరాకీ తగ్గింది. చేనేత పనివాళ్ల ఇళ్లలోనూ కంసాలి ఇళ్లలోనూ ఈ కథ మనకు తెలుసు. నేర్పు తగ్గలేదు, అడిగేవాడు తగ్గాడు. ఇరవై ఏళ్లకే ఆ దెబ్బ తిన్న పిల్లవాడి మీద జాలి కన్నా గౌరవమే ఎక్కువ కలుగుతుంది.

టెక్సస్ లెజెండ్స్ ఊరు ఫ్రిస్కో. డాలస్ శివారు. ఆ పేరు తెలుగిళ్లకు కొత్త కాదు. కార్యసిద్ధి హనుమాన్ గుడి ఉన్న ఊరు అంటే వెంటనే గుర్తుపడతారు. మన దగ్గర ఏ వీధిలో అడిగినా అక్కడో, పక్కనున్న ప్లేనోలోనో అమ్మాయీ అల్లుడూ ఉన్న ఇల్లు ఒకటి తేలుతుంది. గరాజు ముందు స్తంభానికి బుట్ట బిగించిన ఇళ్లు ఆ ఊళ్లో ఎన్నో. మనవడు బడి నుంచి వచ్చి చీకటి పడేదాకా బంతి వేస్తూ ఉంటే, ఆరు నెలల కోసం వెళ్లిన అమ్మమ్మ అరుగులేని ఆ ఇంటి ముందు కుర్చీ వేసుకుని చూస్తూ ఉంటుంది. మనకూ కోర్టులున్నాయి. పాత మిషన్ బళ్లలో, రైల్వే కాలనీల్లో, పోలీసు మైదానాల్లో. 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ రెండు పండ్ల బుట్టలు వేలాడదీసి మొదలుపెట్టిన ఈ ఆట వైఎంసీఏల చేతి మీదుగా మన దేశానికి వచ్చింది. 1920లో మద్రాసులో వెలసిన వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాల నుంచి డ్రిల్లు మాస్టార్లు దక్షిణాది బళ్లకు వచ్చారు. కొరత కోర్టులది కాదు. ఆట నేర్చుకున్న పిల్లవాడు ఇరవై దాటాక ఏం కావాలన్నది అసలు కొరత. రైల్వేలోనో ఓఎన్‌జీసీలోనో బ్యాంకులోనో స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం, ఏడాదికి కొన్ని పోటీలు. ఆ ఉద్యోగాలు వేల ఇళ్లను నిలబెట్టాయి, వాటిని చిన్నచూపు చూడం. కానీ వారం వారం టికెట్టు కొనుక్కుని జనం చూసే, ఆటే జీవనంగా ఉండే లీగ్ అప్పటికి మన దేశంలో వేళ్లూనలేదు. యూబీఏ అనే లీగ్ ఒకటి 2015లో వచ్చి రెండేళ్లలో ఆగిపోయింది. అమెరికా నుంచి తిరిగి వచ్చిన సత్నామ్ దాని చివరి రోజుల్లో అందులో ఆడాడు. తర్వాత కెనడాలో సెయింట్ జాన్స్ ఎడ్జ్ జట్టుకూ కొంతకాలం ఆడాడు.

చైనాలో పుట్టిన యావో మింగ్ ఎన్‌బీఏకు వెళ్లేముందు ఐదేళ్లు షాంఘై షార్క్స్‌లో చైనా లీగ్ ఆడాడు. అక్కడ తడబడ్డాడు, నేర్చుకున్నాడు, 2002లో టైటిల్ గెలిచాడు. ఆ వేసవిలోనే డ్రాఫ్ట్‌లో మొదటి పేరు అయ్యాడు. తడబడే ఆ ఐదేళ్లకు తన దేశంలోనే చోటు దొరకడం సత్నామ్‌కు లేని భాగ్యం. తప్పులన్నీ పరాయి గడ్డ మీద, పరాయి భాషలో, ప్రపంచం చూస్తుండగా చేయాల్సి వచ్చింది.

ఇంకో చేదు సంగతి కూడా చెప్పకుండా ఉండలేం. 2019లో జరిపిన డోప్ పరీక్షలో అతని నమూనాలో నిషేధిత పదార్థం హైజెనమైన్ కనిపించింది. రెండేళ్ల నిషేధం పడింది. అసలే పలచబడిన దారి అక్కడ తెగిపోయింది. 2021లో అమెరికాలో ఏఈడబ్ల్యూ అనే వృత్తి కుస్తీ సంస్థ అతనితో ఒప్పందం చేసుకుంది. తర్వాత అతను ఆ రింగులో దిగాడు. చెమటోడ్చి, వేల మంది ముందు నిలబడి పొట్టపోసుకున్నాడు. అతని బాస్కెట్‌బాల్ కథను ఓటమి అని ముద్రవేసేవాళ్లు ఒకసారి బల్లోకే నుంచి లెక్క మొదలుపెట్టాలని మా కోరిక.

ఎందుకంటే ఆ తర్వాత పేర్లు ఒక్కటొక్కటిగా వచ్చాయి. పాల్‌ప్రీత్ సింగ్ బ్రార్‌ను 2016లో, అమ్‌జ్యోత్ సింగ్‌ను 2017లో ఎన్‌బీఏ కింది లీగ్ జట్లు డ్రాఫ్ట్‌లో తీసుకున్నాయి. ఇద్దరూ పంజాబ్ తయారుచేసిన ఆటగాళ్లే. 2017లో ఎన్‌బీఏ దిల్లీ పక్కన అకాడమీ తెరిచింది. గురుదాస్‌పూర్ జిల్లా పల్లె నుంచి ప్రిన్స్‌పాల్ సింగ్ లూధియానా అకాడమీలో అడుగుపెట్టి, అక్కడి నుంచి ఎన్‌బీఏ అకాడమీకి, తర్వాత అమెరికాకు వెళ్లాడు. 2021లో సమ్మర్ లీగ్ గెలిచిన శాక్రమెంటో కింగ్స్ జట్టులో అతనున్నాడు. ఈ పిల్లల ఇళ్లలో 'ఆటలెందుకు' అని పెద్దలు అడిగినప్పుడు, చూపించడానికి ఒక పేరంటూ ఉంది.

బల్బీర్‌కు అలా చూపించడానికి ఎవరి పేరూ లేదు. కొడుకు సత్నామ్ ఎత్తు ఏడు అడుగుల రెండు అంగుళాలు. తండ్రి ఎత్తూ అంతే.