ఇంట గెలిచిన కోడు రచ్చ కూడా గెలవాలి

"నా మెషీన్ మీద బాగానే నడుస్తోందే!" మన సాఫ్ట్‌వేర్ వాళ్ళం ఎప్పుడో ఒకప్పుడు అనే మాటే ఇది. 2008లో టొరాంటోలో నేనూ అన్నాను.

పోస్ట్‌గ్రెస్ డేటాబేసు కోసం సీ భాషలో ఒక కొత్త డేటా టైపు రాశాం. ఇంటెల్ లినక్స్ మీద టెస్టులన్నీ పాసయింది. కస్టమరు దగ్గరున్న సన్ స్పార్క్ సర్వరు మీద పెట్టగానే "బస్ ఎర్రర్" అంటూ కూలిపోయింది. ఒక ప్రాసెస్ అలా కూలితే పోస్ట్‌గ్రెస్ జాగ్రత్త కోసం మిగతా కనెక్షన్లన్నీ తెంచేస్తుంది. ఆ పూట అక్కడ అందరి పనీ ఆగింది.

తప్పు మాదే. ఆ ఏడాది ఫిబ్రవరిలో వచ్చిన 8.3 వెర్షన్‌లో, నిడివి మారే చిన్న విలువలకి 4 బైట్ల హెడర్ బదులు 1 బైటు హెడర్ పెట్టారు. చోటు కలిసొచ్చింది కానీ, దాని వెనకున్న డేటా ఏ అడ్రసులోనైనా మొదలవచ్చు. వేగం కోసం మేము కాపీ తీసుకోకుండా, ఆ అడ్రసునే డబుల్ పాయింటరుగా మార్చి చదివాం. డబుల్‌కి 8తో భాగింపబడే అడ్రసు కావాలంటుంది స్పార్క్. ఇంటెల్ చాలావరకు గారాబం చేసి ఊరుకుంటుంది. మెమ్‌కాపీతో ఒక లోకల్ వేరియబుల్‌లోకి తెచ్చుకుంటే సరిపోయింది. ఒక్క లైను!

"స్పార్క్ రోజులు పోయాయి, ఇంకా ఎందుకీ గొడవ?" అంటారేమో. పాయింటర్లని అలా మార్చడం సీ ప్రమాణం ప్రకారం ఇప్పటికీ తప్పే. కంపైలరు అలైన్‌మెంట్ ఉందనుకుని వెక్టర్ ఇన్‌స్ట్రక్షన్లు వాడితే ఇంటెల్ మీదా కూలవచ్చు. ఇంకో సంగతి. ఒక ఇంటు, ఒక డబుల్ ఉన్న స్ట్రక్ట్ 32 బిట్ ఇంటెల్ లినక్స్‌లో మామూలుగా 12 బైట్లు, 64 బిట్‌లో 16. దాన్ని ఉన్నదున్నట్టు ఫైల్లో రాసి మరో మెషీన్‌లో చదివితే ఏ ఎర్రరూ రాకుండానే తప్పు అంకెలు వస్తాయి. నన్నడిగితే, కూలిపోవడమే నయం. కనీసం తెలుస్తుంది.

పోస్ట్‌గ్రెస్ అసలు కోడుని 2004 నుంచి బిల్డ్‌ఫార్మ్‌లో వాలంటీర్లు తమ రకరకాల మెషీన్ల మీద పరీక్షిస్తున్నారు. అంతకు ముందే, 1996లో, ఆ ప్రాజెక్టుకి విశ్వవిద్యాలయం బయట మొదటి సర్వరు ఇచ్చింది మా కెనడాలోని మార్క్ ఫోర్నియర్. మనం రాసే ఎక్స్‌టెన్షన్లకి ఆ కాపలా దానంతట అది రాదు. జీసీసీ, క్లాంగ్‌లలో అలైన్‌మెంట్ శానిటైజర్ ఉచితంగా ఉంది. రిలీజుకి ముందు ఒక్కసారి నడిపి చూడండి. కస్టమరు ఫోను చేసేదాకా ఆగకండి, నాలాగా.