ఎవరూ చెప్పని సబ్జెక్టు

మెడికో అనగానే బయటివాళ్ళకు గుర్తొచ్చేవి తెల్లకోటు, స్టెతస్కోపు. మనకు గుర్తొచ్చేవి వేరు. డిసెక్షన్ హాలులో ఫార్మలిన్ వాసన, తెల్లవార్లూ బట్టీపట్టిన నరాల పేర్లు, వైవాలో తడారిపోయే గొంతు. నాలుగున్నరేళ్ళ చదువు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్. ఇన్ని సబ్జెక్టులు చదివినా మన వైద్యవిద్యలో సరిగ్గా చెప్పని సబ్జెక్టు ఒకటి మిగిలిపోతోంది. అది రోగి మాట.

గాంధీ మెడికల్ కాలేజీ 1954లో పుట్టింది. చాలాకాలం కాలేజీ బషీర్‌బాగ్‌లో, ఆసుపత్రి సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర. రెంటికీ మధ్య తిరగడమే విద్యార్థులకు ఒక చదువయ్యేది. 2003లో రెండూ ముషీరాబాద్ పాత జైలు స్థలంలో ఒకేచోటికి చేరాయి. క్లాసుకూ వార్డుకూ దూరం తగ్గింది. మరి పుస్తకానికీ రోగికీ మధ్య దూరం?

పల్లె నుంచి వచ్చిన అవ్వ "పానం మంచిగ లేదు బిడ్డా" అంటుంది. అది నీరసమా, దిగులా, పెద్దజబ్బుకు తొలి సూచనా? "దమ్మొస్తుంది" అంటే ఆయాసమని కోస్తా నుంచి వచ్చిన కుర్రాడికి వెంటనే తట్టదు. "కళ్ళు తిరుగుతున్నయ్" అన్నవాళ్ళందరికీ వర్టిగో కాదు. "గుండెల్లో మంట" అన్నమాట వెనుక ఎసిడిటీ ఉండొచ్చు, హార్ట్ ఎటాకూ ఉండొచ్చు. "వేడిచేసింది" అన్నదానికైతే మన టెక్స్టుబుక్కుల్లో పేరే లేదు. వీటిని విడదీయాలంటే ఇంకో నాలుగు ప్రశ్నలు అడగాలి. ఆమె భాషలోనే అడగాలి.

మనం చేసేదేమిటి? విన్నది గబగబా ఇంగ్లీషులోకి మార్చి కేసు షీటులో రాసేస్తాం. ప్రొఫెసరుగారి ముందు ఇంగ్లీషులో ఒప్పజెబుతాం. మంచంమీది మనిషి తన గురించే నడుస్తున్న మాటలు అర్థంకాక అందరి మొహాలూ చూస్తూ ఉంటుంది.

"సిస్టరు ఉందిగా, ఆయా ఉందిగా, చెప్పించుకోవచ్చు" అంటారు కొందరు. మూడో మనిషి ముందు తెల్లబట్ట అవుతోందని ఏ ఇల్లాలు నోరు విప్పుతుంది?

ఎం.బి.బి.ఎస్. అంతా తెలుగులో చెప్పాలని నా వాదన కాదు. ప్రభుత్వ కాలేజీల్లో 15 శాతం సీట్లు ఆలిండియా కోటావి. తెలుగే రాని మిత్రులు మన పక్క బెంచీలోనే ఉన్నారు. ఈ ఊళ్ళో రోగులు ఉర్దూ, తమిళమూ మాట్లాడతారు. 2019లో వచ్చిన కొత్త పాఠ్యప్రణాళిక ఫౌండేషన్ కోర్సులో స్థానిక భాషకు చోటిచ్చింది. మంచిదే. కాని వార్డు మొహం చూడని ఫస్టియర్ వాడికి నేర్పిన నాలుగు ముక్కలు, వార్డుకొచ్చేసరికి మిగులుతాయా? ఆ పాఠం క్లినికల్ పోస్టింగుల్లో, మంచం పక్కనే జరగాలి. ఫైనలియర్ లాంగ్ కేసులో రోగికి తన జబ్బేమిటో, ఏ మందు పరగడుపున వేసుకోవాలో, ఏది తిన్నాక వేసుకోవాలో ఆమె భాషలో చెప్పించి మార్కులు వేయాలి. మార్కులుంటే మనం ఏదైనా నేర్చుకుంటామని లెక్చరర్లకు తెలియనిది కాదు!

అంతవరకూ ఆగనక్కర్లేదు. యూనియన్ తలచుకుంటే, సీనియర్లు వారానికో సాయంత్రం జూనియర్లకు ఈ మాటలు నేర్పవచ్చు. ఖర్చు లేదు, పర్మిషన్లతో పనిలేదు. డిశ్చార్జి అయిన అవ్వ మందుల సంచి పట్టుకుని బస్సెక్కేటప్పుడు, ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో తెలిసి ఎక్కాలి. అది తెలియకపోతే మనకొచ్చిన డిస్టింక్షన్ ఆమెకెందుకు?