పోయినవాళ్లతో మాట

పోయినవాళ్లు ఎక్కడికి వెళతారో మనకు మొదట చెప్పేది మనం పుట్టిన ఊరే. గూడెం కొత్తవీధి ఉన్న ఈ తూర్పు కనుమల్లోనే ఎన్ని జవాబులో! గదబ గిరిజనులు పితరుల కోసం రాళ్లు నిలుపుతారు. ఇంకా ఉత్తరాన ఉన్న కొండల్లో సవర గిరిజనులు, పూనకం వచ్చినవారి నోట చనిపోయిన ఆప్తులతో మాట్లాడేవారు, వాదులాడేవారు, ఏడ్చేవారు. మానవశాస్త్రవేత్త పియర్స్ విటెబ్‌స్కీ 1993లో దానిపై పుస్తకమే తెచ్చారు. తర్వాతి తరంలో చాలామంది బాప్టిస్టులయ్యాక ఆ మాటలు ఆగాయి. మతం మారితే పరలోకమూ మారింది.

పరలోకంపై ఒకటికి మించిన జవాబులు మన కొండల్లోనే కాదు, అమెరికాలోనూ ఉన్నాయి. 2021లో ప్యూ పరిశోధన సంస్థ సర్వేలో 73 శాతం మంది స్వర్గం ఉందన్నారు, 33 శాతం మంది పునర్జన్మ ఉందన్నారు.

అందుకే మన్యం నమ్మకాన్ని మూఢత్వమని కొట్టిపారేయకండి. మీ పెద్దల్ని అడగండి, వాళ్లు చెప్పింది రాసి పంపండి. ఈ సంచిక ఆ పనికి తొలి అడుగు.