ప్రశంసలే వేతనమా?

పొగడ్తలకు కొదవ లేదు; పొట్ట నింపే జీతానికే దిక్కు లేదు. దేశవ్యాప్తంగా ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తల దుస్థితి క్లుప్తంగా ఇదే. కొవిడ్ విలయకాలంలో ఇంటింటికీ తిరిగి రోగుల ఆరా తీసిన పది లక్షలమంది ఆశాలను 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ అంతర్జాతీయ పురస్కారంతో సత్కరించింది. పాలకులు పొంగిపోయారు, అభినందనలు కురిపించారు. ఆశాలు మాత్రం ప్రభుత్వ దస్త్రాల్లో 'స్వచ్ఛంద సేవకులు'గానే మిగిలారు. అంగన్‌వాడీ సిబ్బంది 'గౌరవ కార్యకర్తలు'. ఒకరికి దక్కేది పనిని బట్టి ప్రోత్సాహకం, మరొకరికి గౌరవ వేతనం. మాటలో ఉన్న గౌరవం మూటలో లేకపోవడమే విషాదం!

1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో శ్రీకారం చుట్టుకున్న సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం నేడు దాదాపు 14 లక్షల కేంద్రాలకు విస్తరించింది. 2005లో ఆరంభమైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ ప్రతి వెయ్యిమంది జనాభాకు ఒక ఆశాను నియమించాలని సంకల్పించింది. గర్భిణుల నమోదు, శిశువుల తూకం, టీకాలు, పౌష్టికాహారం- అన్నింటికీ ఆధారం ఈ మహిళలే. అంగన్‌వాడీ కార్యకర్తకు నెలకు రూ.4,500, సహాయకురాలికి రూ.2,250 చొప్పున కేంద్రం గౌరవ వేతనం నిర్ణయించింది 2018 అక్టోబరులో. ఆ తరవాత ఆరేళ్ళకు పైగా ధరలు పెరిగాయే తప్ప ఆ అంకెలు కదలలేదు. ఆశాల స్థిర ప్రోత్సాహకం రూ.2,000 నుంచి రూ.3,500కు చేరడానికి 2025 దాకా నిరీక్షించాల్సి వచ్చింది. రాష్ట్రాలు తమ వాటాగా తలోమాదిరిగా జోడిస్తున్న మొత్తాల మూలంగా, ఒకే పని చేసేవారికి రాష్ట్రానికో ప్రతిఫలం దక్కుతోంది.

క్షేత్రస్థాయి సిబ్బంది కష్టాలైనా అప్పుడప్పుడు వెలుగు చూస్తున్నాయి. వారిని నడిపించాల్సిన పర్యవేక్షకుల గోడు వినే నాథుడే లేడు. నిబంధనల ప్రకారం ఇరవై, పాతిక కేంద్రాలకు ఒక సూపర్‌వైజరు ఉండాలి. పోస్టులు ఖాళీ అయితే పక్క సెక్టారు భారమూ ఆమె నెత్తినే పడుతుంది. సుమారు ఇరవైమంది ఆశాలకు వెన్నుదన్నుగా నిలవాల్సిన ఫెసిలిటేటరుదీ అదే బాపతు. ఆమెకూ దక్కేది పర్యటనల లెక్కన చెల్లించే భత్యమే. 2021లో పోషణ్ ట్రాకర్ యాప్ వచ్చాక వివరాల నమోదు మరో బాధ్యతగా తోడైంది. పై అధికారులకు నివేదికలు, కింది సిబ్బందికి తాఖీదులు- ఈ రెంటి నడుమ నలిగే పర్యవేక్షకురాలు పని నేర్పేదెప్పుడు, చిక్కుముడి విప్పేదెప్పుడు? ఆసరా కావలసిన పర్యవేక్షణ తప్పులెన్నే తనిఖీగా దిగజారితే, విసిగి వేసారిన కార్యకర్త ఎక్కువ కూలి దొరికే చోటికి మళ్ళడం సహజం. ఆమె వెళ్ళిపోతే ఖాళీ అయ్యేది ఒక్క పోస్టు కాదు. ఏ ఇంట నెలలు నిండిన గర్భిణి ఉందో, ఏ బిడ్డ బరువు తగ్గుతోందో తెలిసిన అనుభవం, ఏళ్ళ తరబడి కూడగట్టిన ఊరి నమ్మకం ఆమెతోపాటే పోతాయి. వారం రోజుల శిక్షణతో అవి తిరిగి రావు.

అసంతృప్తి వీధికెక్కిన ఉదంతాలకు లోటు లేదు. 2023 డిసెంబరు 12న ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీలు ప్రారంభించిన సమ్మె 42 రోజులు సాగింది. అప్పటి రాష్ట్ర ప్రభుత్వం 2024 జనవరిలో వారిపై ఎస్మా ప్రయోగించింది. ఉద్యోగులుగా గుర్తించడానికి చేతులు రాని సర్కారుకు, అత్యవసర సేవల చట్టం ఝళిపించడానికి మాత్రం చేతులు వచ్చాయి! అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదన్న సామెతకు ఇంతకన్న నిదర్శనం ఏముంటుంది? ఆరోగ్యరంగంలో ఆదర్శమనిపించుకున్న కేరళలోనూ 2025 ఫిబ్రవరిలో ఆశాలు సచివాలయం ఎదుట బైఠాయించి నెలల తరబడి ఆందోళన సాగించారు.

పరిష్కారం తెలియక కాదు. పథకాల సిబ్బందిని కార్మికులుగా గుర్తించి, కనీస వేతనం, సామాజిక భద్రత కల్పించాలని 2013లోనే 45వ భారత కార్మిక మహాసభ సిఫార్సు చేసింది. అంగన్‌వాడీలు గ్రాట్యుటీకి అర్హులేనని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పొరుగున పాకిస్థాన్ 1994లో ప్రారంభించిన లేడీ హెల్త్ వర్కర్ల వ్యవస్థలోనూ ఇదే పోరాటం నడిచింది. అక్కడి కార్యకర్తలు సుదీర్ఘంగా ఉద్యమించి సర్వీసు క్రమబద్ధీకరణ సాధించుకున్నారు. ఆర్థికంగా మనకన్న చితికిన దేశానికి సాధ్యమైనది మనకు అసాధ్యమనడం చెల్లదు.

సూపర్‌వైజరు పోస్టుల్లో సగం అయిదేళ్ళ అనుభవం గడించిన కార్యకర్తలకే పదోన్నతిగా ఇవ్వాలని 2022 నాటి సక్షమ్ అంగన్‌వాడీ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ నిబంధన కాగితం దాటి ఆచరణలోకి రావాలి. ఖాళీలను సత్వరం భర్తీచేయాలి. ఏ నెల పైకం ఆ నెలలోనే చేతికందాలి. ఒకే వివరాన్ని పలుచోట్ల నమోదు చేయించే తంతుకు స్వస్తి పలకాలి. పర్యవేక్షకులను లెక్కల గుమాస్తాలుగా కాక, మార్గదర్శకులుగా తీర్చిదిద్దే శిక్షణ ఇవ్వాలి. తల్లీబిడ్డల క్షేమాన్ని మోసే భుజాలకు శాలువాలు కప్పి సరిపుచ్చడం ఇకనైనా మాని, బతకదగిన వేతనంతో ఆ భుజాలకు బలమివ్వడం కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల ఉమ్మడి బాధ్యత!