తెలియదనుటయు నొక తెలివియే

విద్యకు ఫలము వినయమని మన పెద్దలు చిరకాలమునుండి చెప్పుచున్నారు. అయినను, తెలిసినదానింగూర్చి గర్వింపకుండుట యొకటి. తెలియనిదాని యెదుట తలవంచుట వేరొకటి. మొదటిది మర్యాద, రెండవది భక్తి. ఈ రెండవ వినయమును గూర్చి క్రైస్తవ మతగ్రంథము లేమి చెప్పుచున్నవో, దానివలన గృహిణులమగు మనకేమి ప్రయోజనమో యీ మాసమున విచారింతము.

హైదరాబాదున అబిడ్సు, నాంపల్లి ప్రాంతములందు కాపురముండువారికి క్రైస్తవ దేవాలయములు దూరపు వస్తువులు గావు. గన్‌ఫౌండ్రీయొద్ద 1870వ సంవత్సరమున పునాది వేయబడిన సెయింటు జోసెఫు కెథెడ్రలు, అబిడ్సులోని సెయింటు జార్జి చర్చి, మెథడిస్టు మిషనువారు 1895లో బాలికలకై స్థాపించిన స్టాన్లీ పాఠశాల యున్న చాపెలు రోడ్డు, ఇవి యన్నియు దగ్గరదగ్గరనే యున్నవి. నాంపల్లి యూసుఫైన్ దర్గాకు పోవువారును, బిర్లా మందిరపు మెట్లెక్కువారును ఈ త్రోవలనే నడచుచుందురు. పొరుగువారి మతమందలి మంచిమాటను వినుటవలన మన మతమున కేమియు లోపము గలుగదు.

బైబిలునందు యోబు గ్రంథమని యొకటి గలదు. ఊజు దేశమున యోబు అను నీతిమంతు డుండెను. అతనికి ఏడువేల గొఱ్ఱెలు, మూడువేల ఒంటెలు, ఏడుగురు కుమారులు, ముగ్గురు కుమార్తెలు. ఒక్కదినముననే సంపదయు సంతానమును నశించెను. పిమ్మట దేహమంతయు కురుపులయ్యెను. ఎలీఫజు, బిల్దదు, జోఫరు అను ముగ్గురు స్నేహితులు పరామర్శింప వచ్చి యేడు దినములు అతనితో నేలపై మౌనముగా కూర్చుండిరి. వారు చేసిన పనులలో నిదియే యుత్తమమైనది. తరువాత నోరు తెరచి, పాపము చేయనిదే యిట్టి కష్టము రాదు గావున నీ పాపము నొప్పుకొనుమని వాదింపసాగిరి. యోబు ఒప్పుకొనలేదు. తుదకు దేవుడు సుడిగాలిలోనుండి పలికెను. భూమికి పునాదులు వేసిననాడు నీవెక్కడ నుంటివి, మంచు ఎచ్చటనుండి వచ్చును, కొండమేక యెప్పుడీనును, పక్షిరాజు ఎవరి యాజ్ఞచే నెగురును అని ప్రశ్నమీద ప్రశ్న వేసెనేగాని, నీకీ దుఃఖ మిందుచేత వచ్చినదని చెప్పనే లేదు. యోబు చేతితో నోరు మూసికొనెను.

ఇచట గమనింపవలసిన విశేషమొకటి గలదు. దేవుడు కోపించినది మొఱపెట్టిన యోబుపై గాదు. తన పక్షమున వాదించితిమనుకొన్న స్నేహితులపై. వారి కొఱకు యోబే ప్రార్థింపవలెనని యాజ్ఞాపించెను. వారి దోషము అవిశ్వాసము గాదు. దేవుని మనస్సు తమకు తెలిసినట్లు మాటలాడుటయే.

మన కేనోపనిషత్తునందలి కథ యిందుకు దూరమైనది గాదు. జయగర్వమున నున్న దేవతల యెదుట యక్షుడొక గడ్డిపరక నుంచగా అగ్ని దానిని గాల్పలేకపోయెను, వాయువు కదల్పలేకపోయెను. ఇంద్రుడంతటివానికిని ఉమాహైమవతి చెప్పినగాని యా యక్షుడెవరో తెలియలేదు. పోతనామాత్యుడు మహాగ్రంథమును రచించియు నా పలుకు తనది గాదని రామభద్రున కర్పించెను. త్రోవలు వేరైనను తలవంచిన తీరు మనకు పరిచితమే.

ఇక నిది మన వాకిటికి ఎట్లు వచ్చునో చూతము. మా వీధిలో నొక క్రైస్తవ కుటుంబమున చిన్నబిడ్డ జ్వరముచే కన్నుమూసెను. వచ్చిన బంధువులలో నొకామె, మీరు ప్రార్థన మానితిరి గనుక దేవుడిట్లు చేసెననెను. మఱియొకామె, దేవుడు తన తోటకు మంచిపువ్వును కోసికొనెననెను. ఆ తల్లి యెవరివంకను చూడలేదు. అంతలో వెనుకవీధి ముసలమ్మ యొకతె వచ్చి, ఏమియు పలుకక నీళ్లు కాచి, మిగిలిన బిడ్డకు స్నానము చేయించి, తల దువ్వి, నాలుగు ముద్దలు తినిపించెను. అప్పుడా తల్లి యామె యొడిలో తలపెట్టి యేడ్చెను. ఆ యింట యోబు గ్రంథమును చదివినవారు పలువురుండవచ్చును. దాని యర్థమును చేసి చూపినది ముసలమ్మ యొక్కతెయే.

కష్టము వచ్చినప్పుడు మనస్సున రెండు ప్రశ్నలు పుట్టును. ఇది యెట్లు జరిగినది అనునది యొకటి. ఇది నాకేల జరిగినది అనునది రెండవది. మొదటిదానికి జవాబు వెదకుట మనుష్యుని విధి. 1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి యీ నగరమున వేలకొలది ప్రాణములను గొనిపోయెను. అది యెవరి పాపమో నిర్ణయింప గూర్చుండినయెడల నగరమునకు మేలు కలిగెడిది గాదు. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించి, ఆయన సూచనలను బట్టి యెగువను జలాశయములు గట్టిరి. ఉస్మాన్‌సాగరు 1920లోను, హిమాయత్‌సాగరు 1927లోను పూర్తియయ్యెను. వరద యెట్లు వచ్చెనో విచారించుట దైవధిక్కారము గాదు. కాని బిడ్డను పోగొట్టుకొన్న తల్లి ‘నా బిడ్డయే యేల?’ అని యడిగినప్పుడు, ఆ ప్రశ్నకు ఇంజనీరుగాని, పండితుడుగాని, పాదిరిగాని జవాబీయజాలడు. అచట మౌనమే వినయము.

తలవంచుట యనగా బుద్ధిని మూటగట్టి యటుకపై బెట్టుట యని కొంద రనుకొందురు. అది పొరపాటు. సికిందరాబాదున రోనాల్డు రాసు అను వైద్యుడు ఎన్నియో దోమలను కోసి కోసి చూచి, 1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. 1902లో నోబెలు బహుమానము నందెను. అంతటి శ్రమపడినవాడును ఆ రహస్యమును దేవుడు తనచేతి కిచ్చెనని పద్యము వ్రాసికొనెను. శ్రమయు తనదే, వినయమును తనదే. ఒకటి రెండవదానికి అడ్డు రాలేదు.

అయినను, సోదరీమణులారా, ఇచట మనము మెలకువతో నుండవలయును. ‘దైవచిత్తము, నోరు మూసికొనుము’ అను మాటను స్త్రీలపై ప్రయోగించుట కొందరికి వాడుక. చదువుకొందునన్న బాలికకును, దెబ్బలు తిన్న యిల్లాలికిని, దిక్కులేని వితంతువునకును ఈ మాటయే చెప్పుదురు. ఇది దేవుని యెదుట వినయము గాదు; మనుష్యుని దౌష్ట్యమునకు దేవుని పేరు దొడుగుట. క్రీస్తు సువార్తలలో మరియ దేవదూతను ‘ఇదెట్లు జరుగును?’ అని యడిగినది. దూత కోపింపక బదులు చెప్పెను. కనాను స్త్రీ యొకతె తన కుమార్తె కొఱకు యేసుతో వాదించెను. ఆయన యామె విశ్వాసమును మెచ్చుకొనెను. బేతనియలోని మరియ వంటయిల్లు విడిచి పాదములయొద్ద గూర్చుండి బోధ వినగా, ఆమె యుత్తమమైనదానినే యెన్నుకొనెనని పలికెను. కనుక నా గ్రంథము స్త్రీని ప్రశ్నింపవలదన లేదు. ప్రశ్నించిన పిదప జవాబు నీ చేతిలోనిది గాదని మాత్రము చెప్పుచున్నది.

క్రైస్తవులలో ఈ పాఠమును చేతలలో చూపినవారు మన ప్రాంతముననే గలరు. మెదకున పాస్నెట్టు దొర మహాదేవాలయమును గట్టించిన దినములలో కరవు బాధితులకు పని గల్పించి యన్నము పెట్టెనని నేటికిని చెప్పుకొందురు. 1924వ సంవత్సరము క్రిస్మసు నాడు దానికి ప్రతిష్ఠ జరిగెను. కరవేల వచ్చెనని యాకలిగొన్నవారికి వ్యాఖ్యానము చెప్పుటకంటె గిన్నెడన్నము పెట్టుటయే దైవసేవ గదా.

మన యిండ్లలో నీ వినయమునకు నిత్యము పని గలదు. పొరుగింట దుఃఖము కలిగినప్పుడు కారణము చెప్పుటకు గాక, కడవతో నీళ్లు తీసికొని పొండు. పిల్లలు మనకు తెలియని ప్రశ్న వేసినప్పుడు గద్దింపక, నాకు తెలియదు, ఇద్దరము తెలిసికొందమనుడు. బడిపంతులుగారి యింట నుండుటచే నాకీ సంగతి బాగుగా తెలియును: రేపు చూచి చెప్పెదనను పంతులు మాటను బాలురు మఱవరు, అన్నియు తెలిసినట్లు చెప్పువాని మాటను త్వరలోనే నమ్మరు. కోడలి కానుపు కష్టమైనను, కొడుకు పరీక్ష తప్పినను, ఇది నీ కర్మయనియో, దేవుని శిక్షయనియో తీర్పు చెప్పకుడు. ఆ తీర్పరి యాసనము ఖాళీగా లేదు. అందు గూర్చుండుటకు మనలను పిలిచినవారును లేరు.

చేయదగినది చేయుటకు చేతులున్నవి. తెలిసికొనదగినది తెలిసికొనుటకు బుద్ధి యున్నది. ఈ రెండును చాలని తావున దుఃఖితుల ప్రక్కను గూర్చుండుటకు హృదయ మున్నది. అంతకు మించినది దేవునికి విడుచుటయే జ్ఞానము.