కెమెరా కబుర్లు: అసురుడి ఏటి ఒడ్డున

ఆకులు రాలే కాలమంటే మనకు శిశిరం. నేలలో తడి చాలక మన అడవుల్లో టేకుచెట్లు మోడులవుతాయి. కాని జపానులో ఈ వేడుక శరత్తులోనే జరుగుతుంది. అక్కడ ఆకులు రాలటానికి కారణం దాహం కాదు. చలీ, పొట్టి పగళ్లూను.

2019 అక్టోబరు ఆఖరున నేనూ, అప్పట్లో టోకియోలో ఆరోక్లాసు చదువుతున్న మా మేనల్లుడూ ఓయిరాసే అనే ఏటి వెంట నడిచాం. ఇది హోన్షూ దీవికి ఉత్తరపు కొసన ఉన్నది. పూర్వం అగ్నిపర్వతం బద్దలైన గుంటలో తొవాదా సరస్సు ఏర్పడింది. ఆ సరస్సు నీరు బయటికి పారే దారి ఈ ఏరు ఒక్కటే. సరస్సు నుంచి 14 కిలోమీటర్ల దాకా, నీటి అంచునే కాలిబాట ఉన్నది. మేపిల్, బీచ్ చెట్లు ఏటిమీద పందిరి వేసినట్టుంటాయి. నీటిచప్పుడు తప్ప మరో సవ్వడి లేదు.

మొదటి రోజు మంచి ఎండ కాసింది. మావాడు పరుగులు పెడుతూ రెండు వందల ఫోటోలు తీశాడు. రాత్రి బసలో చూసుకుంటే ఒక్కటీ బాగాలేదు! ఎండపడిన ఆకులు సున్నం కొట్టినట్టు తెల్లగానూ, నీడలు మసిలాగానూ వచ్చాయి. మన కన్ను వెలుగులోనూ నీడలోనూ సర్దుకుని చూస్తుంది. కెమెరాకు ఆ నేర్పు తక్కువ.

మర్నాడు తుంపర పడుతున్నది. నేను ఉసూరుమన్నాను గాని, ఆ వానే మాకు మేలు చేసింది. మబ్బు పల్చటి తెల్లగుడ్డలాగా వెలుగును అంతటా సమంగా పరిచింది. తడి ఆకుల మీది తళుకును పోలరైజర్ అద్దం తగ్గించేసరికి, రంగులు చిక్కగా పైకి తేలాయి.

“మామయ్యా, పసుపు రంగు ఎక్కణ్ణుంచి వచ్చింది?” అన్నాడు వాడు.

అది కొత్తగా వచ్చింది కాదు. వేసవి అంతా ఆకులోనే దాగి ఉన్నది. చలికి ఆకుపచ్చని పత్రహరితం విరిగిపోగానే బయట పడింది. ఎరుపు మటుకు అలా కాదు. మేపిల్ ఆకు రాలబోయేముందు, తనలో మిగిలిన చక్కెరతో దాన్ని అప్పటికప్పుడు తయారు చేసుకుంటుంది.

నడవగా నడవగా ‘అషురా నో నగారె’ అనే చోటు వచ్చింది. అషురా అంటే ఎవరో కాదు, మన అసురుడే! బౌద్ధమతంతోపాటు ఆ మాట అంత దూరం ప్రయాణం చేసింది. ఏరు అక్కడ బండల మధ్య నురగలు కక్కుతూ మెలికలు తిరుగుతుంది. ఆ బండలన్నిటి మీదా ముఖమల్ పరిచినట్టు నాచు. సరస్సు పెద్దది గనక ఏటికి హఠాత్తుగా వరద రాదు, బండలు దొర్లవు. అందుకే నాచు నిశ్చింతగా పెరిగింది. దాని మీద విత్తనాలు పడి చెట్లు కూడా మొలిచాయి.

ఒక బండమీద నిలబడితే ఫోటో అద్భుతంగా వస్తుందనిపించింది. ఇక్కడ నా తప్పు ఒప్పుకోవాలి. నేను కాలు ఎత్తాను కూడాను.

“మామయ్యా, నాచు!” అని వాడు నా చొక్కా పట్టుకు లాగాడు.

సిగ్గుపడి బాటమీదనే కెమెరాను మూడుకాళ్ల స్టాండుకు బిగించాను. సెకనులో 500వ వంతు తెరిస్తే నీటిచుక్కలు గాజుపూసల్లాగా ఆగిపోయాయి. అర సెకను తెరిస్తే అదే నీరు ఏకిన దూదిలాగా సాగింది.

“ఇందులో ఏది నిజం?” అన్నాడు వాడు.

నాకు జవాబు తోచలేదు. వాడు మాత్రం అప్పటికే మరో చోటు చూసి పెట్టుకున్నాడు. ఒడ్డువార సుడిలో ఒక పసుపు ఆకు చిక్కుకుని, గుండ్రంగా తిరుగుతున్నది. లెన్సు కన్నాన్ని బాగా చిన్నది చేసి, ఊపిరి బిగబట్టి, ఎనిమిది సెకన్లు తెరిచి ఉంచాడు.

ఫోటోలో ఆకు లేదు. నల్లటి నీటిమీద సన్నని బంగారు కడియం ఒకటి ఉన్నది.